అంతర్జాతీయ సంబంధాలు: ఒక పాఠ్యవిషయం పుట్టుపూర్వోత్తరాలు

పోయిన విద్యాసంవత్సరంలో ఒకరోజు మా కళాశాలలో రాజనీతిశాస్త్రం చెప్పే మిత్రుడు సెలవు పెట్టాడు. ఆ గంటసేపు తరగతిని చూసుకోవలసిన పని నా మీద పడింది. నేను తెలుగు చెప్పేవాణ్ణి. పుస్తకాలు తీసి చదువుకోమని పిల్లలతో చెప్పి కూర్చున్నాను. ఆ రోజు వాళ్ల చేతుల్లో వున్నది అంతర్జాతీయ సంబంధాల పాఠం. కాసేపటికి ఒక అమ్మాయి లేచి అడిగింది: "మాస్టారూ, 1919లో మనం బ్రిటిషువాళ్ల కింద వున్నాం గదండీ. నానాజాతి సమితిలో భారతదేశం మొదటి సభ్యదేశాల్లో ఒకటి అని ఇక్కడ రాశారు. స్వతంత్రం లేని దేశానికి సభ్యత్వం ఎలా ఇచ్చారండీ?"

నాకు జవాబు తెలియదు. పుస్తకంలోనూ లేదు. "చదివి చెబుతానమ్మా" అన్నాను. చదవటం మొదలుపెడితే అది ఒక్క ప్రశ్నతో పోలేదు. ఆ పాఠాన్ని ఎవరు తయారు చేశారు, ఎప్పుడు చేశారు, ఎవరి డబ్బుతో చేశారు, అందులో ఎవరికి చోటిచ్చారు, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టారు అనే ప్రశ్నలన్నీ దానివెంట వచ్చాయి. ఏ శాస్త్రమైనా ఆకాశంనుంచి ఊడిపడదని మనం సాహిత్య విమర్శలో తరచు చెప్పుకుంటాం. కావ్యానికి వర్తించే యీ సూత్రం పాఠ్యపుస్తకానికి వర్తించకుండా ఎలా పోతుంది?

1. బొగ్గు గనుల సొమ్ము, శాంతి పీఠం

అంతర్జాతీయ రాజకీయాలను విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విషయంగా బోధించటానికి మొదటి ఆచార్యపీఠం 1919లో వేల్సు దేశంలోని అబెరిస్ట్‌విత్ కళాశాలలో వెలిసిందని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఇది నిజమే. యుద్ధంలో చనిపోయిన ఆ కళాశాల విద్యార్థుల స్మారకంగా డేవిడ్ డేవిస్ అనే పార్లమెంటు సభ్యుడూ, ఆయన ఇద్దరు చెల్లెళ్లూ 20 వేల పౌన్లు విరాళమిచ్చారు. కొద్దికాలానికి ఆ పీఠానికి అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పేరు పెట్టారు. ఇంత ఘోరమైన యుద్ధం మళ్లీ రాకూడదనే కోరిక దాతలకు మనస్ఫూర్తిగా వుందనటంలో సందేహం లేదు. డేవిస్ స్వయంగా యుద్ధరంగం చూసినవాడు.

అయితే ఆ 20 వేల పౌన్లు ఎక్కడివి? డేవిస్ తాత వేల్సులో బొగ్గు గనులు తవ్వించి, రైలు మార్గాలు వేయించి, ఆ బొగ్గును ఓడలకెక్కించటానికి బారీ రేవు కట్టించిన కోటీశ్వరుడు. ప్రపంచమంతటా సామ్రాజ్య నౌకలను నడిపింది ఆ వేల్సు బొగ్గే. ఆ 1919లోనే బ్రిటన్ గని కార్మికులు గనులను జాతీయం చెయ్యాలని కోరితే ప్రభుత్వం సాంకీ విచారణసంఘాన్ని నియమించింది. ఆ సంఘం అధ్యక్షుడు జాతీయీకరణకే మొగ్గు చూపినా ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. దాత దురుద్దేశంతో ఇచ్చాడని నేననటం లేదు. గనిలో దిగినవాడికీ, ఆ సొమ్ముతో నడిచే శాంతి పాఠానికీ మధ్య వున్న సంబంధం ఆ పాఠంలో ఎన్నడూ ప్రశ్న కాలేదని మాత్రం చెబుతున్నాను.

ఆ పీఠాన్ని మొదట అధిష్ఠించినవాడు ఆల్ఫ్రెడ్ జిమ్మెర్న్. ప్రాచీన గ్రీకు నగరరాజ్యాల మీద పేరుపొందిన గ్రంథం రాసిన పండితుడు. సామ్రాజ్యం కూలిపోకుండా, కామన్వెల్తుగా రూపు మార్చుకుని నిలవాలన్నది ఆయన ఆశయం. 1926లో 'మూడవ బ్రిటిషు సామ్రాజ్యం' అనే పేరుతోనే ఒక పుస్తకం వేశాడు. ఆయనకు సన్నిహితుడైన లయొనెల్ కర్టిస్ సంగతి మనకు ఇంకా దగ్గరిది. 1919 భారత ప్రభుత్వ చట్టంలోని ద్వంద్వ పాలన ఆలోచనకు ప్రచారకర్త కర్టిస్. కొన్ని శాఖలు మంత్రులకిచ్చి, ఖజానా, పోలీసు గవర్నరు చేతిలోనే వుంచే ఆ ఏర్పాటు మద్రాసు రాజధానిలో, అంటే మన ఆంధ్ర జిల్లాల్లో, 1920 ఎన్నికల తరువాత అమలు జరిగింది. లండనులో చాతం హౌస్ పేరుతో ప్రసిద్ధికెక్కిన అంతర్జాతీయ వ్యవహారాల సంస్థకు 1920లో పునాది వేసినవాడూ ఆ కర్టిసే. వలసను ఎలా పాలించాలన్న ఆలోచనా, ప్రపంచాన్ని ఎలా అధ్యయనం చెయ్యాలన్న ఆలోచనా ఒకే బల్ల ముందు కూర్చున్నవారి బుర్రల్లోంచి వచ్చాయి.

2. రెండు రోజుల తేడా

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. 1918 డిసెంబరులో ఢిల్లీలో సమావేశమైన కాంగ్రెసు, శాంతి మహాసభకు ప్రతినిధులుగా తిలక్‌నూ, గాంధీనీ, హసన్ ఇమామ్‌నూ ఎన్నుకుంది. ప్రభుత్వం వారిని గుర్తించలేదు. భారతదేశం పేరుతో పారిస్‌లో కూర్చున్నవారు ముగ్గురు: భారత వ్యవహారాల మంత్రి మాంటేగు, బికనీరు మహారాజు గంగాసింగు, ప్రభుత్వం ఎంపిక చేసిన లార్డ్ సిన్హా. 1919 జూన్ 28న వెర్సేల్సు సంధి మీద భారతదేశం తరఫున సంతకాలు చేసినవారు మాంటేగు, గంగాసింగు. ఆ యుద్ధంలో 13 లక్షల మంది వరకు భారతీయులు పనిచేశారు. 70 వేల మందికి పైగా చనిపోయారు. వారి రక్తానికి బదులుగా ఇచ్చిన కుర్చీలో ఒక ఇంగ్లీషు మంత్రీ, ఒక సంస్థానాధీశుడూ కూర్చున్నారు.

సభ్యత్వం ఇచ్చిన కిటుకు ఇది. నానాజాతి సమితి నిబంధనావళి మొదటి అధికరణం ప్రకారం కొత్తగా చేరే దేశానికి సంపూర్ణ స్వపరిపాలన వుండి తీరాలి. కాని సంధి మీద సంతకం చేసి, నిబంధనావళి అనుబంధంలో పేరు ఎక్కిన మూల సభ్యులకు ఆ షరతు లేదు. భారతదేశం పేరు ఆ అనుబంధంలో బ్రిటిషు సామ్రాజ్యం పేరు కింద, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండుల సరసన చేరింది. స్వపరిపాలన లేని ఏకైక సభ్యదేశంగా మనం సమితిలో వున్నాం. సామ్రాజ్యానికి దీనితో ఒక్క ఓటు బదులు ఆరు ఓట్లు వచ్చాయని అమెరికా సెనేటులో అప్పుడే గొడవ జరిగింది. అంటే మన సభ్యత్వం మనకిచ్చిన గౌరవం కాదు, మన పేరుమీద మన యజమాని తీసుకున్న అదనపు ఓటు.

1919 ఏప్రిల్ 11న పారిస్‌లో సమితి నిబంధనావళి తయారుచేసే సంఘం ముందు జపాను ఒక ప్రతిపాదన పెట్టింది. జాతుల సమానత్వ సూత్రాన్ని పీఠికలో గుర్తించాలన్నది దాని సారాంశం. 17 ఓట్లలో 11 అనుకూలంగా వచ్చాయి. అధ్యక్షస్థానంలో వున్న విల్సన్, ఏకగ్రీవం కాలేదు గనుక ప్రతిపాదన వీగిపోయిందని ప్రకటించాడు. ఆస్ట్రేలియా ప్రధాని హ్యూస్ దానికి బద్ధశత్రువు, బ్రిటన్ అతని వెనక నిలబడింది. రెండు రోజులు గడిచాయి. ఏప్రిల్ 13న అమృతసర్‌లో జలియన్‌వాలాబాగు కాల్పులు జరిగాయి. జపాను పీడితుల పక్షం అని పొరపడనక్కరలేదు. అదే వసంతంలో స్వాతంత్ర్యం కోరిన కొరియా ప్రజలను జపాను పోలీసులూ సైనికులూ ఊచకోత కోస్తున్నారు. చైనాలోని షాన్‌టుంగ్‌లో జర్మనీ హక్కులు జపానుకు కట్టబెట్టినందుకే మే 4న పెకింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు.

ఈ సంగతులన్నీ చరిత్ర పాఠంలో విడివిడిగా వుంటాయి. శాంతి పీఠం ఒక పుటలో, జలియన్‌వాలాబాగు వేరొక పుస్తకంలో, మే 4 ఉద్యమం ఇంకొక పరీక్షా పత్రంలో. ఒకే ఏడాది, ఒకే వ్యవస్థ చేసిన పనులని విద్యార్థికి తెలిసే అవకాశమే లేదు. ఇలా ముక్కలు చేసి చెప్పటం కూడా ఒక దృక్పథమే.

3. 'జాతి' అనే మాట

తెలుగు చెప్పేవాడిని గనుక ఒక మాట దగ్గర ఆగుతాను. 'అంతర్జాతీయ' అన్నప్పుడు అందులో వున్న 'జాతి'కి అర్థం ఏమిటి? జాతీయోద్యమం అంటే దేశప్రజ. తెల్లజాతి అంటే వర్ణం. జాతివైరం అంటే పుట్టుకతో వచ్చిన పగ. అధమజాతి అని తిట్టేవాడి నోట అది కులం. ఇన్ని అర్థాలు ఒకే మాటలో ఇమడటం మన భాష పేదరికమని కొందరంటారు. యీ ఒక్క విషయంలో మాత్రం మన మాటే నిజానికి దగ్గరగా వుంది.

అమెరికాలో 1910లో క్లార్కు విశ్వవిద్యాలయంనుంచి ఒక పత్రిక బయలుదేరింది. దాని పేరును తెలుగు చేస్తే 'జాతుల అభివృద్ధి పత్రిక'. ఇక్కడ జాతి అంటే వర్ణం. 'వెనకబడిన' జాతులను 'ముందుకు వచ్చిన' జాతులు ఎలా నడిపించాలన్నది దాని ప్రధాన చర్చ. 1919లో దాని పేరు 'అంతర్జాతీయ సంబంధాల పత్రిక'గా మారింది. 1922లో అది న్యూయార్కులోని విదేశీ సంబంధాల మండలి వెలువరించే 'ఫారిన్ అఫైర్స్'లో కలిసిపోయింది. ఆ పత్రిక నేటికీ యీ శాస్త్రానికి ప్రమాణగ్రంథంలా చలామణి అవుతోంది. ఇంగ్లీషులో ఆ రెండు పేర్లకూ పోలిక లేదు. తెలుగులో రెండింటిలోనూ 'జాతి' బయటపడుతుంది. పేరు మారింది, లోపలి ప్రశ్న మారలేదు.

ఆ ప్రశ్నను అవతలి ఒడ్డునుంచి వేసినవారు అప్పుడే వున్నారు. నీగ్రోజాతి మేధావి డుబాయిస్ 1915లో ఒక వ్యాసం రాసి, ఐరోపా యుద్ధానికి మూలం ఆఫ్రికా పంపకంలో వుందని వాదించాడు. కొల్లగొట్టిన సొమ్ములో ఐరోపా కార్మికుడికి కూడా పిసరంత వాటా విదిలించి, వాణ్ణి యజమానితో కట్టిపడేస్తున్నారని కూడా ఆయన చెప్పాడు. లెనిన్ సామ్రాజ్యవాదంపై గ్రంథం రాసింది ఆ మరుసటి సంవత్సరం జ్యూరిచ్‌లో, అచ్చయింది 1917లో. ఒకరి రాత ఒకరు చూడకుండా, అట్లాంటిక్‌కు ఇటూ అటూ కూర్చుని ఇద్దరూ ఒకే చోటికి చేరుకోవటం యాదృచ్ఛికం కాదు. చూడదలచుకున్నవాడికి వాస్తవం అంత స్పష్టంగా వుంది.

వాషింగ్టనులోని హోవార్డు విశ్వవిద్యాలయం నల్లవారికోసం ఏర్పడినది. అక్కడ అలెన్ లాక్ 1915, 1916లలో జాతుల సంపర్కం మీద ఉపన్యాసాలిచ్చాడు. జాతిభేదం ప్రకృతి ఇచ్చినది కాదనీ, అధికార సంబంధాలు దాన్ని తయారు చేస్తాయనీ వాటి సారం. వాటికి పాఠ్యక్రమంలో చోటు దొరకలేదు, బహిరంగ ఉపన్యాసాలుగానే సాగాయి. తరువాత అక్కడే రాల్ఫ్ బంచ్, ఎరిక్ విలియమ్స్, మెర్జీ టేట్ బోధించారు. 1935లో ఆక్స్‌ఫర్డు పట్టం పొందిన టేట్, 1942లో నిరాయుధీకరణ భ్రమ మీద పెద్ద గ్రంథం ప్రకటించింది. 1950–51లో మన దేశం వచ్చి విశ్వభారతిలో పాఠాలు చెప్పింది కూడా. అయినా మన విద్యార్థి చదివే 'సిద్ధాంతకర్తల' జాబితాలో ఆమె పేరు కనిపించదు. అబెరిస్ట్‌విత్ పీఠం సంవత్సరం మాత్రం కంఠతా వస్తుంది.

4. కార్ చెప్పిన నిజం, చెప్పని నిజం

అదే అబెరిస్ట్‌విత్ పీఠానికి 1936లో ఇ.హెచ్. కార్ వచ్చాడు. ఇరవై ఏళ్లు విదేశాంగ శాఖలో పనిచేసినవాడు, పారిస్ మహాసభను లోపలినుంచి చూసినవాడు. ఆయన నియామకం డేవిస్‌కు బొత్తిగా ఇష్టం లేదు. 1939లో వెలువడిన 'ఇరవై ఏళ్ల సంక్షోభం'లో కార్, శాంతి, సామరస్యం, సర్వజన శ్రేయస్సు అనే మాటలు లాభపడినవాడి చేతిలో లాభాన్ని కాపాడుకునే సాధనాలని నిరూపించాడు. దొంగసొత్తు పంచుకున్న తరువాత దొంగతనం తప్పని బోధించటం వంటిది అన్నమాట. మార్క్సు ప్రభావం ఆ గ్రంథంలో దాగదు. అభ్యుదయవాదులు ఆయనను గౌరవించటానికి కారణం వుంది. సోవియట్ రష్యా చరిత్రను 14 సంపుటాల్లో రాసింది కూడా ఆయనే.

అయితే గౌరవం వేరు, భక్తి వేరు. బలాబలాలను గుర్తించటమే వివేకం అన్న కార్, అదే తర్కంతో హిట్లరుకు జెకోస్లవేకియా ముక్కను అప్పగించిన మ్యూనిక్ ఒప్పందాన్ని సమర్థించాడు. 1946లో రెండవ ముద్రణ వేసినప్పుడు ఆ వాక్యాల పదును తగ్గించాడు. బలవంతుడి నీతిని బట్టబయలు చేసిన చూపు, బలహీనుడి ప్రతిఘటనను లెక్కలోకి తీసుకోలేదు. కారణం వెతకటం కష్టం కాదు. ఆయన తక్కెడలో 'వున్నవారు', 'లేనివారు' అంటే రాజ్యాలే. జర్మనీ, ఇటలీ 'లేనివారు' అయ్యాయి. 35 కోట్ల మంది భారతీయులు ఏ తట్టలోనూ లేరు.

5. అట్లాంటిక్ దాటిన తరువాత

రెండవ ప్రపంచయుద్ధం తరువాత యీ శాస్త్రం కాపురం అమెరికాకు మారింది. 1948లో మోర్గెన్‌తా గ్రంథం వచ్చింది. అధికారంకోసం పోరాటమే రాజకీయమనీ, అది మానవ స్వభావంలోనే వుందనీ అందులో ప్రతిపాదన. 1954లో రాక్‌ఫెల్లరు ఫౌండేషన్ వాషింగ్టనులో సిద్ధాంత చర్చకు సభ ఏర్పాటు చేసింది. 1957లో సోవియట్ స్పుత్నిక్ ఎగిరితే, మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెసు జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, విదేశీ భాషల, ప్రాంతాల అధ్యయనానికి డబ్బు కుమ్మరించింది. విద్యకు రక్షణ అన్న విశేషణం తగిలించటంలో దాపరికం ఏమీ లేదు.

1965లో ఒక ఉదంతం బయటపడింది. విప్లవాలు ఎందుకు వస్తాయో, వాటినెలా అరికట్టవచ్చో పరిశోధించటానికి అమెరికా సైన్యం సమాజ శాస్త్రవేత్తలను కూర్చుకుని కేమలాట్ అనే పథకం మొదలుపెట్టింది. చిలీ మేధావులకు యీ సంగతి తెలిసి అక్కడి పత్రికల్లో, పార్లమెంటులో దుమారం లేచింది. జూలైలో పథకాన్ని రద్దు చేశారు. ఆ శాస్త్రజ్ఞులందరూ గూఢచారులు కారు. చాలామంది మంచి పరిశోధన చేస్తున్నామనే నమ్మారు. ప్రశ్నను సైన్యం తయారు చేసి ఇచ్చినప్పుడు జవాబు ఎంత శాస్త్రీయంగా వున్నా ఎవరికి వుపయోగపడుతుందనేది వారికి తట్టలేదు.

ఆ దేశంలోనే, ఆ ఏడాదే ఇంకొక రకం బోధన కూడా మొదలైంది. 1965 మార్చి 24 రాత్రి మిషిగన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు వియత్నాం యుద్ధం మీద తెల్లవార్లూ తరగతులు నడిపారు. సుమారు 3 వేల మంది వచ్చారు. హాజరుపట్టీ లేదు, పరీక్ష లేదు, మార్కులు లేవు. అలాంటి సభలు త్వరలోనే ఎన్నో విశ్వవిద్యాలయాలకు పాకాయి. అంతర్జాతీయ సంబంధాల బోధన చరిత్ర రాస్తే 1919తో సమానంగా యీ రాత్రికీ ఒక అధ్యాయం కేటాయించాలని నా అభిప్రాయం. తన రాజ్యం చేస్తున్న యుద్ధాన్ని తన రాజ్యపు గడ్డమీద నిలబడి ప్రశ్నించటం నేర్పింది ఆ తరగతే.

6. ఢిల్లీలో

మన దేశంలో యీ విద్యకు పునాది పరాయి పాలన చివరి రోజుల్లోనే పడింది. 1943లో భారత ప్రపంచ వ్యవహారాల మండలి ఏర్పడింది. ఆ మండలే 1947 మార్చి, ఏప్రిల్ మాసాల్లో ఢిల్లీ పురానా ఖిల్లాలో ఆసియా దేశాల సంబంధాల మహాసభను నడిపింది. అప్పటికి మనకు ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. స్వతంత్రులమయ్యాక పొరుగువాణ్ణి పలకరిద్దామని ఆగకుండా, ముందే పిలిచి కూర్చోబెట్టటం గొప్ప విషయం. 1955 ఏప్రిల్‌లో బాండుంగ్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు సమావేశమయ్యాయి. అదే సంవత్సరం అక్టోబరులో ఢిల్లీలో ఆచార్య అప్పాదొరై సంచాలకుడుగా భారత అంతర్జాతీయ అధ్యయనాల పాఠశాల ప్రారంభమైంది. 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో భాగమైంది.

పడమటి ఆసియా, ఆఫ్రికా, చైనా, సోవియట్ ప్రాంతాల భాషలూ చరిత్రలూ నేర్చిన పండితులను తయారుచెయ్యటం ఆ సంస్థ చేసిన మేలు. అంతకుముందు ఇరుగుపొరుగు సంగతి కూడా మనం లండను అద్దంలోనే చూసుకున్నాం. లోపం మరో వైపు వుంది. విదేశాంగ విధానానికి వ్యాఖ్యానం రాయటమే ప్రధాన కర్తవ్యం అన్నట్టు ఆ విద్య చాలావరకు నడిచింది. రాజ్యం వైపునుంచి ప్రపంచాన్ని చూడటం అలవాటైంది, ప్రపంచం వైపునుంచి రాజ్యాన్ని చూడటం అలవాటు కాలేదు. పైగా ఆ విద్య ఇంగ్లీషులోనే వుండిపోయింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడిన తరువాతనే డిగ్రీ విద్యార్థికి శాస్త్ర విషయాలు తెలుగులో అందే దారి బాగా ఏర్పడింది. అందిన పుస్తకాల్లో కూడా సిద్ధాంతాలు పడమటివి, ఉదాహరణలు ఢిల్లీవి. తెలుగుదేశం వాటిలో అరుదుగా కనిపిస్తుంది.

7. 1948 సెప్టెంబరు: మన వూళ్ల పాఠం

తెలుగుదేశానికీ అంతర్జాతీయ రాజకీయాలకూ ఏమి సంబంధం అని అడిగేవారికి ఒక ఉదాహరణ చాలు. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భారతదేశం మీద ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 16న పారిస్‌లో భద్రతామండలి 'హైదరాబాదు సమస్య'ను చర్చకు తీసుకుంది. హైదరాబాదు స్వతంత్ర రాజ్యమా, కాదా, దానికి ఫిర్యాదు చేసే అర్హత వుందా అన్నదే అక్కడి వాదం. మరునాడే నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదు ఉపసంహరించుకుంటూ తంతి పంపాడు.

ఆ చర్చ నడుస్తున్న రోజుల్లో నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో ఏం జరుగుతోంది? వెట్టిచాకిరీకీ, దేశ్‌ముఖుల భూముల గుత్తాధిపత్యానికీ వ్యతిరేకంగా రైతాంగం తిరగబడి రెండేళ్లు దాటింది. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఉద్యమకారుల లెక్క ప్రకారం సుమారు 3 వేల గ్రామాల్లో ప్రజల కమిటీలు నడిచాయి. పారిస్‌లో వాదించిన ఇద్దరు ప్రతినిధులకూ ఆ గ్రామాలు తమ తమ వాదానికి సాక్ష్యాలే తప్ప, మాట్లాడే నోళ్లు కావు. సైన్యం వచ్చిన తరువాత రైతు చేతిలోని భూమికి ఏమైందో కూడా ఆ రికార్డుల్లో వుండదు. పోరాటం 1951 అక్టోబరు దాకా అదే సైన్యం మీద సాగింది. సైనిక చర్య సమయంలోనూ తరువాతా మరాఠ్వాడాలోనూ ఇతర జిల్లాల్లోనూ ముస్లిం ప్రజలమీద జరిగిన హత్యాకాండను పరిశీలించి సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. కమ్యూనిస్టు రైతూ, అమాయక ముస్లిమూ యీ 'అంతర్జాతీయ' సమస్యలో ఏ పక్షమూ కారు. రాజ్యం కానివాడికి ఆ సభలో కుర్చీ లేదు.

1919లో పారిస్, 1948లో పారిస్. మొదటిసారి మన పేరుమీద వేరొకడు కూర్చున్నాడు. రెండవసారి మనమే కూర్చున్నాం. అయినా వెట్టి చేసినవాడు బయటే వున్నాడు. ఈ తేడానూ, యీ పోలికనూ ఒకేసారి చూపించగలిగిన పాఠమే నిజమైన అంతర్జాతీయ సంబంధాల పాఠం.

8. మన ఇంటి లోపం

ఇంతవరకు పరాయి పాఠాన్ని విమర్శించాను. మన పాఠం సంగతి చెప్పకపోతే యీ వ్యాసానికి నిజాయితీ వుండదు. విశ్వవిద్యాలయంలో దొరకని దృష్టిని వామపక్ష అధ్యయన తరగతులు ఇచ్చాయి. 1917లో బోల్షివిక్కులు జారు ప్రభుత్వపు రహస్య ఒప్పందాలను అచ్చువేసి, పడమటి ఆసియాను కత్తితో కోసుకున్న సైక్స్–పీకో బేరాన్ని లోకానికి చూపించిన సంగతి మన కార్యకర్తలు పల్లెటూరి అరుగులమీద చెప్పారు. ఏ ఆచార్యుడూ చెయ్యని పని అది.

కాని క్రమంగా మన తరగతి ఒక తిథుల పంచాంగంగా మారింది. 1939 ఆగస్టులో హిట్లరుతో సోవియట్ ఒడంబడిక జరిగితే ఒక వ్యాఖ్యానం, 1941లో హిట్లరు దాడి చేస్తే యుద్ధ స్వభావమే మారిందని మరొక వ్యాఖ్యానం. 1956లో హంగరీ, 1968లో జెకోస్లవేకియా వచ్చినప్పుడు చాలామంది గొంతు సవరించుకుని ఊరుకున్నారు. 1962లో చైనాతో సరిహద్దు యుద్ధం వచ్చేసరికి మన విశ్లేషణ వుద్యమాన్ని ఏకంగా నిలపలేకపోయింది, 1964లో పార్టీ రెండుగా చీలింది. 1979లో చైనా, వియత్నాం యుద్ధం చేసుకున్నాయి. సోషలిస్టు దేశాల మధ్య యుద్ధం వుండదని నేర్చుకున్న విద్యార్థికి మన దగ్గర జవాబు లేకపోయింది. 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. పాలకవర్గ ఆచార్యులు రాజ్యాన్ని పూజించారని మనం నిందించాం. మనం కూడా కొన్ని రాజ్యాలను పూజించాం, అంతే తేడా. పీడితుడి పక్షాన నిలబడటం అంటే ఏదో ఒక రాజధాని పక్షాన నిలబడటం కాదని తెలుసుకోవటానికి మనకు చాలా మూల్యం పడింది.

9. ఏం చెయ్యాలి?

ఇవాళ యీ విషయాన్ని ఎక్కువమంది తెలుగు యువకులు చదువుతున్నది పోటీ పరీక్షలకోసం. శిఖరాగ్ర సమావేశాల జాబితాలు, ఒప్పందాల సంక్షిప్త నామాలు, 'మన దేశ ప్రయోజనాలు' అనే శీర్షిక కింద అయిదు వాక్యాలు. కంఠస్థం చేసినవాడిని తప్పు పట్టలేం, వాడికి ఉద్యోగం కావాలి. 'మన' అన్న మాటలో ఎవరెవరున్నారని అడిగే చోటు కళాశాల తరగతి ఒక్కటే.

నేను ప్రతిపాదించేవి పెద్ద విషయాలు కావు. ఒకటి: 1919ని బోధించేటప్పుడు అబెరిస్ట్‌విత్‌నూ, అమృతసర్‌నూ, సియోల్‌నూ, పెకింగ్‌నూ ఒకే పాఠంలో పెట్టాలి. రెండు: కార్, మోర్గెన్‌తాల పక్కన డుబాయిస్‌నూ, లెనిన్‌నూ, మెర్జీ టేట్‌నూ చదివించాలి. ఎవరినీ భక్తితో కాదు, అందరినీ పరీక్షించి. మూడు: ఉదాహరణలు మన జీవితంనుంచి తియ్యాలి. 1860లో మద్రాసు రేవులో ట్రూరో ఓడ ఎక్కి నాటాలు చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువారున్నారు. దక్షిణాఫ్రికాలో భారతీయులపై వివక్షను 1946లో మన దేశం ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లి, డిసెంబరులో తీర్మానం నెగ్గించుకున్నది ఆ కూలీల సంతతి తరఫునే. పత్తి రైతుకు ప్రపంచ ధరతోనూ, 1995లో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందంతోనూ సంబంధం వుంది. గల్ఫుకు కూలికి వెళ్లిన తండ్రి పంపిన పైకంతో చదువుకునే పిల్లవాడు ప్రతి తరగతిలో వున్నాడు. నాలుగు: మా తెలుగు శాఖవారికి కూడా పని వుంది. 'ఆముక్తమాల్యద'లోని రాజనీతి భాగాన్ని సమాసాలకోసం, అలంకారాలకోసం చెప్పి వదిలేస్తున్నాం. రేవులను బాగుచెయ్యాలనీ, దూరదేశపు వర్తకులను ఆదరించాలనీ, గుర్రాలూ ఏనుగులూ శత్రువు చేతికి పోకుండా చూసుకోవాలనీ అందులో రాయలు చెప్పిన సంగతులు పదహారో శతాబ్దపు సముద్ర వాణిజ్యానికి సాక్ష్యం. అన్నీ మనకు ముందే తెలుసునని మీసం దువ్వుకోవటానికి కాదు, అది కూడా రాజు వైపునుంచి చూసిన చూపేనని విద్యార్థికి చూపించటానికి ఆ పద్యాలు చదవాలి.

నెలలు గడిచాక ఆ అమ్మాయిని పిలిచి, అనుబంధంలో పేరెక్కించిన కథ చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే సంతకం పెట్టిన మహారాజుగారిని ఎవరు ఎన్నుకున్నారండీ?" అంది. ఎవరూ ఎన్నుకోలేదని చెప్పాను. "పుస్తకంలో ఆ మాట ఒక్కటి రాస్తే సరిపోయేది గదండీ" అని తన పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుంది.

పుస్తకాలు మారటానికి కాలం పడుతుంది. ఆ మాట రాసుకోవటానికి ప్రతి పుటకూ అంచు ఇప్పుడే వుంది.